మనసు పరీక్షకు కీ ఎవరి దగ్గరుంది?

"ఎదుటివాళ్ల మనసులో ఏముందో నాకు ఇట్టే తెలిసిపోతుంది." ఈ వాక్యం కింద ఐదు గడులుంటాయి. 'అస్సలు కాదు' దగ్గర మొదలై 'ముమ్మాటికీ నిజం' దగ్గర ఆగుతాయి. మీకు సరిపోయే గడిలో టిక్కు పెట్టాలి. ఐదో గడిలో పెడితే గొప్పలు పోయినట్టుంటుంది, మూడో గడిలో పెడితే మనల్ని మనం తక్కువ చేసుకున్నట్టుంటుంది. కాసేపు తటపటాయించి నాలుగుతో సరిపెట్టుకుంటాం.

ఇప్పుడు ఇంకో కాగితం. దాని మీద ఒక నలుపు తెలుపు ఫొటో. ముఖమంతా ఉండదు, కళ్లూ కనుబొమలూ మాత్రమే కనిపిస్తాయి. చుట్టూ నాలుగు మాటలు. ఆ మనిషి మనఃస్థితికి వాటిలో ఏది సరిపోతుందో చెప్పాలి.

ఈ రెండు కాగితాలూ ఒకే కొలత పేరుతో చలామణీ అవుతున్నాయి. భావోద్వేగాలను అర్థం చేసుకునే శక్తి, ఎమోషనల్ ఇంటెలిజెన్స్, ఈక్యూ, ఏ పేరైనా అనుకోండి. కానీ మనిషి తన గురించి తాను చెప్పుకున్న స్కోరుకూ, పరీక్ష రాసి తెచ్చుకున్న స్కోరుకూ పొత్తు కుదరదు. 2006లో మనస్తత్వవేత్త మార్క్ బ్రాకెట్ బృందం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య సంబంధం 0.2 దరిదాపుల్లో తేలింది. సున్నా అంటే అసలు సంబంధమే లేదని, ఒకటి అంటే అచ్చు గుద్దినట్టు కలిసిందని లెక్క. 0.2 అంటే ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడం చీకట్లో బాణం వేయడమే.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే పరీక్షలు రాసినవాళ్లందరికీ అలవాటైన ప్రశ్నే ఒకటి వేసుకోవాలి. దీనికి కీ ఎవరు తయారుచేశారు? లెక్కల పేపరుకు కీ ఉంటుంది, అందులో తప్పుంటే గొడవ చేసి మార్పించుకోవచ్చు. ఒక మనిషికి లోపల ఏమనిపిస్తోందన్న ప్రశ్నకు సరైన జవాబు ఎవరి దగ్గరుంటుంది? గత కొన్ని దశాబ్దాల్లో వచ్చిన కొలతలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన రకరకాల సమాధానాలేనని నాకనిపిస్తుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 'సాంఘిక ప్రజ్ఞ', అంటే మనుషులను అర్థం చేసుకుని మెలిగే నేర్పు, అనే మాటను మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే రాశాడు. దాన్ని కొలవడం మహా కష్టమని అప్పుడే ఒప్పుకున్నాడు కూడా. 1990లో పీటర్ సాలవే, జాన్ మేయర్ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద తొలి సిద్ధాంత వ్యాసం ప్రచురించారు. 1995లో డేనియల్ గోల్మన్ అదే పేరుతో పుస్తకం రాయడంతో ఆ మాట ఆఫీసుల్లోకీ బడుల్లోకీ పాకిపోయింది. కొలిచే పనిముట్టు సిద్ధం కాకముందే సరుక్కి గిరాకీ వచ్చింది. ఆ తర్వాతి గందరగోళంలో చాలా భాగం అక్కణ్నుంచి వచ్చిందే.

కీ నా దగ్గరే ఉంది

అన్నిటికన్నా సులువైన దారి, మనిషినే అడిగేయడం. నికోలా షుట్ బృందం 1998లో తెచ్చిన ప్రశ్నావళిలో 33 వాక్యాలున్నాయి. 1997 నాటి రువెన్ బార్-ఆన్ ప్రశ్నావళిలో 133. అడిగే తీరు మాత్రం ఒకటే: ఈ మాట మీకు ఎంతవరకు వర్తిస్తుంది?

ఇందులోని లొసుగు చెప్పక్కర్లేదు. భావాలు అర్థం కాని మనిషికి, తనకవి అర్థం కావడం లేదన్న సంగతి మాత్రం ఎలా అర్థమవుతుంది? ఆలివర్ షెల్డన్, డేవిడ్ డనింగ్, డేనియల్ ఏమ్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇదే బయటపడింది. పరీక్షలో అట్టడుగున నిలిచినవాళ్లే తమ శక్తిని ఉన్నదానికన్నా బాగా ఎక్కువగా ఊహించుకున్నారు. స్కోరు చూపిస్తే 'ఈ పరీక్షే సరిగా లేదు' అన్నారు. మెరుగుపడే దారి చూపిస్తామన్నా పెద్దగా ఆసక్తి చూపలేదు.

అలాగని ఈ ప్రశ్నావళులను చెత్తబుట్టలో వేయక్కర్లేదు. పెట్రిడెస్ అనే మనస్తత్వవేత్త 2001 నుంచీ నిజాయితీగా ఒక మాట చెబుతూ వస్తున్నాడు. తాను కొలిచేది సామర్థ్యాన్ని కాదట, స్వభావాన్నట. భావోద్వేగాల విషయంలో మనిషి తనను తాను ఎలా చూసుకుంటున్నాడన్నది కూడా వ్యక్తిత్వంలో భాగమే, దానికీ ఒక విలువుంది. ఈత వచ్చా అని అడగడం ఒకటి, నీళ్లలోకి దింపి చూడటం ఇంకొకటి. మొదటిదాని జవాబును రెండోదాని ఫలితంగా చూపించినప్పుడే మోసం మొదలవుతుంది.

కీ పదిమంది దగ్గరుంది

నీళ్లలోకి దింపి చూద్దామన్నవాళ్లు మేయర్, సాలవే, డేవిడ్ కరూసో. 2002లో వాళ్లు ఖరారు చేసిన పరీక్ష పేరు మెస్కీట్. ఎనిమిది రకాల పనులు, 141 ప్రశ్నలు. ముఖంలో భావాన్ని పసిగట్టడం, ఆలోచనకు భావాన్ని వాడుకోవడం, ఒక భావం ఇంకోదానిలోకి ఎలా మారుతుందో తెలుసుకోవడం, భావాలను సంబాళించుకోవడం, ఇలా నాలుగు మెట్లు. ప్రశ్నలు తయారయ్యాయి, ఇక కీ కావాలి. వాళ్లు ఎంచుకున్న దారి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఓటింగు పెట్టారు.

అది ఇలా పనిచేస్తుంది. ఒక ముఖం చూపించి, ఇందులో భయం ఎంతుందో ఒకటి నుంచి ఐదు దాకా చెప్పమంటారు. ఇంతకుముందు ఈ ప్రశ్నకు జవాబిచ్చిన వేలమందిలో 60 శాతం 'రెండు' అన్నారనుకుందాం, 25 శాతం 'మూడు' అన్నారనుకుందాం. మీరు రెండు అంటే మీకు 0.60 మార్కు, మూడు అంటే 0.25. నలుగురితో నడిచినవాడికి ఎక్కువ మార్కులు, దారి తప్పినవాడికి తక్కువ.

పైథాగరస్ సిద్ధాంతానికి ఎవరూ ఓటింగు పెట్టరు కదా అని నవ్వు రావచ్చు. కానీ వాళ్ల వాదనలోనూ బలముంది. మాటకు అర్థం ఎక్కడుంది? దాన్ని వాడే జనంలోనే ఉంది. ఒక చూపుకు 'విసుగు' అనే అర్థం కూడా అలా పదిమంది ఒప్పుకుంటేనే నిలబడుతుంది. కాబట్టి పదిమందీ ఏమనుకుంటారో తెలిసి ఉండటమే ఇక్కడ సామర్థ్యం అంటారు వాళ్లు.

చిక్కు వేరే చోట వస్తుంది. నిజంగా కష్టమైన ప్రశ్న ఒకటి ఉందనుకోండి. నూటికి తొంభైమంది మామూలు నవ్వుగా చూసిన దాంట్లో, పదిమంది మాత్రం అణచుకున్న అవమానాన్ని చూశారు, వాళ్లు చూసిందే నిజం. ఓటింగు కీ ప్రకారం ఆ పదిమందీ మందబుద్ధులు. అంటే ఈ పద్ధతిలో కష్టమైన ప్రశ్న పుట్టనే పుట్టదు. ఎక్కువమందికి తెలియని జవాబు కీలోకే ఎక్కదు. అందువల్ల ఇలాంటి పరీక్ష బొత్తిగా తెలియనివాణ్ని, ఓ మాదిరిగా తెలిసినవాణ్ని విడదీసి చూపగలదు. ఓ మాదిరిగా తెలిసినవాణ్ని, అసాధారణంగా చూడగలిగినవాణ్ని విడదీయలేదు.

ఈ విమర్శకు జవాబుగా నిపుణుల కీ కూడా చేశారు. భావోద్వేగాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘంలోని 21 మంది చేత జవాబులు రాయించారు. ఆ కీ, జనం కీ దాదాపు ఒకేలా వచ్చాయి. చూశారా, మా కీ సరైనదే అన్నారు పరీక్ష పెట్టినవాళ్లు. నిపుణులూ మనలాంటివాళ్లేనని తేలిందంతే కదా అన్నారు విమర్శకులు. ఇన్నేళ్లకీ ఆ వాదం తెగలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 'సహోద్యోగి నలుగురిలో మిమ్మల్ని చులకన చేశాడు, కిందివాటిలో ఏది చేస్తే ఎంత మేలు?' లాంటి ప్రశ్నకు కుర్చీలో కూచుని చల్లగా జవాబివ్వడం పెద్ద పని కాదు. కాసేపు ఆగి, విడిగా మాట్లాడాలని అందరికీ తెలుసు. చెవులు వేడెక్కిన ఆ నిమిషంలో అది గుర్తుకొస్తుందా అన్నది కాగితం మీద తేలదు.

కీ సిద్ధాంతంలో ఉంది

ఓట్ల గొడవ వద్దనుకుని 2008లో క్యారలిన్ మెకాన్, రిచర్డ్ రాబర్ట్స్ ఇంకో దారి పట్టారు. ఐరా రోజ్‌మన్ సిద్ధాంతం ఒకటుంది. మనకు జరిగినదాన్ని మనం ఎలా బేరీజు వేసుకుంటామో దాన్నిబట్టే భావం పుడుతుందని అది చెబుతుంది. ఒక నష్టం జరిగింది, దానికి ఎవరూ కారణం కాదు, ఎవరూ ఆపగలిగేవారూ కాదు. అప్పుడు కలిగేది దుఃఖం. అదే నష్టానికి వేరొకరు కారణమైతే కోపం. తానే కారణమైతే తప్పు చేశానన్న బాధ. ఇలా సూత్రం నుంచి ప్రశ్నలు పుట్టించి, కీని కూడా సూత్రం నుంచే తీసుకున్నారు. 42 ప్రశ్నల పరీక్ష తయారైంది.

కీ ఎక్కణ్నుంచి వచ్చిందో స్పష్టంగా చెప్పగలగడం దీని బలం. ఆ సిద్ధాంతం తప్పయితే మొత్తం పరీక్షే పడిపోతుంది, అది బలహీనత. ఇది కొలిచేది భావోద్వేగాల వ్యాకరణం. వ్యాకరణం వచ్చినవాళ్లందరూ చక్కగా మాట్లాడలేరు.

ఆ కళ్లు ఎవరివి?

మొదట్లో చెప్పిన కళ్ల ఫొటోల పరీక్షకు వద్దాం. సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో సవరించి విడుదల చేసిన ఈ పరీక్షలో 36 ఫొటోలుంటాయి. ఒక్కోదానికి నాలుగు మాటలు. గుడ్డిగా ఎంచుకుంటూ పోయినా తొమ్మిది ఒప్పవుతాయి. ఆటిజం పరిశోధనల్లో ఇది లెక్కలేనన్నిసార్లు వాడారు.

ఆ ఫొటోలు పత్రికల్లోంచి కత్తిరించినవి. వాటికి సరైన మాటను పరిశోధకులు ఎంచుకున్నారు, చూసినవాళ్లలో ఎక్కువమంది ఔనంటే ఖాయం చేశారు. ఆ క్షణంలో నీకేమనిపించిందయ్యా అని ఆ కళ్లున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. అంటే ఇక్కడ ఒప్పు అంటే ఆ మనిషి మనసులో ఉన్నదని కాదు, చూసేవాళ్లకు అనిపించేదని.

ఈ పరీక్షతో పాటు మాటల అర్థాల పట్టిక కూడా ఇస్తారు. అదే గుట్టు విప్పేస్తోంది. మాటలు కొట్టినపిండి అయినవాళ్లకు ఇందులో పైచేయి ఉంటుంది. 2016లో బెత్ ఓక్లీ, జెఫ్రీ బర్డ్ తదితరులు ఇంకో అడుగు ముందుకేశారు. ఈ స్కోరు ఆటిజంతో కన్నా, తమ భావాలను తాము గుర్తించలేని స్థితితోనే ఎక్కువగా ముడిపడి ఉందని చూపించారు. అది నిజమైతే 'ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదు' అని ఈ పరీక్ష ఆధారంగా చెప్పిన మాటల్లో ఎన్నింటిని మళ్లీ తూకం వేయాలో ఆలోచించండి.

ముఖం మీద ఆధారపడ్డ పరీక్షలన్నిటి వెనకా ఓ పెద్ద నమ్మకం ఉంది, ఒక్కో భావానికి ఒక్కో ముఖం ఉంటుందని. పాల్ ఎక్మన్ 1960ల చివర్లో పాపువా న్యూగినీలోని ఫోరే తెగవాళ్లకు ఫొటోలు చూపించి, కోపం, భయం, దుఃఖం లాంటి ఆరు భావాలు ప్రపంచమంతా ఒకేలా కనిపిస్తాయన్నాడు. దశాబ్దాల పాటు అది పాఠ్యపుస్తకాల మాటగా నిలిచింది. అయితే కథ చెప్పి మూడు ఫొటోల్లో ఒకటి ఎంచుకోమంటే ఒకలా, ఏమీ చెప్పకుండా మీ ఇష్టం వచ్చినట్టు కుప్పలు వేయమంటే ఇంకోలా వస్తుందని తర్వాత తేలింది. నమీబియాలోని హింబా ప్రజలతో మరియా జెండ్రన్ బృందం 2014లో ఈ రెండో పని చేయించింది. వాళ్లు వేసిన కుప్పలు ఆ ఆరు భావాల గీతల వెంట పడలేదు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు పరిశోధకులు ఉన్న ఆధారాలన్నీ తిరగేసి 2019లో తేల్చిన మాట ఇంకా సూటిగా ఉంటుంది. కోపం వచ్చినవాళ్లు కనుబొమలు ముడిచేది సగటున 30 శాతం సందర్భాల్లోనే. మిగతాప్పుడు ఏడుస్తారు, నవ్వుతారు, బిగుసుకుపోతారు. ఏకాగ్రతతో ఆలోచిస్తున్నవాడూ కనుబొమలు ముడుస్తాడు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం హిల్లెల్ అవియేజర్ బృందానిది, 2012 నాటిది. టెన్నిస్‌లో కీలకమైన పాయింటు గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ ఫొటోలు తీసుకున్నారు. కొందరికి ముఖం మాత్రమే చూపించారు, కొందరికి ముఖం లేకుండా ఒళ్లు మాత్రమే, ఇంకొందరికి రెండూ. ముఖం మాత్రమే చూసినవాళ్లు గెలుపో ఓటమో చెప్పలేకపోయారు. ఒళ్లు చూసినవాళ్లు చెప్పగలిగారు. రెండూ చూసినవాళ్లూ చెప్పగలిగారు, కానీ తమకు ముఖం చూస్తేనే తెలిసిందని గట్టిగా నమ్మారు. మనకెలా తెలిసిందో కూడా మనకు తెలియదన్నమాట.

కీ ఆ మనిషి దగ్గరే ఉంది

ఇంత చుట్టుతిరుగుడు దేనికి, ఎవరి మనసు గురించైతే అడుగుతున్నామో వాళ్లనే అడగొచ్చు కదా? విలియం ఇక్స్ 1990ల నుంచి చేసింది అదే.

ఇద్దర్ని ఒక గదిలో కూచోబెడతారు. ప్రయోగం ఇంకా మొదలుకాలేదని వాళ్లనుకుంటారు. ఊరికే మాట్లాడుకుంటుంటే రహస్యంగా వీడియో తీస్తారు. తర్వాత విషయం చెప్పి, ఒప్పుకున్నాక, ఇద్దర్నీ విడివిడిగా కూచోబెట్టి ఆ వీడియో చూపిస్తారు. ఫలానా క్షణంలో నాకిలా అనిపించింది అని గుర్తొచ్చిన ప్రతిచోటా వీడియో ఆపి, అనిపించింది రాయాలి. రెండో విడతలో వీడియో అవే క్షణాల్లో ఆగుతుంది. ఈసారి అవతలి మనిషికి అప్పుడేమనిపించి ఉంటుందో ఊహించి రాయాలి. ఆ రెండు రాతలూ ఎంత దగ్గరగా ఉన్నాయో బయటివాళ్లు మార్కులు వేస్తారు.

వచ్చే మార్కులు చూస్తే మన నాలుగో గడి టిక్కు మీద మనకే సిగ్గేస్తుంది. అప్పుడే పరిచయమైనవాళ్లకు నూటికి ఇరవై చుట్టుపక్కల. స్నేహితులకు ముప్ఫై దాకా. భార్యాభర్తలకు కూడా ముప్ఫై అయిదు దాటడం అరుదు. ఏళ్ల తరబడి కాపురం చేస్తే ఇది పెరగాలి కదా? 1997లో జెఫ్ థామస్, గార్త్ ఫ్లెచర్ బృందం చూస్తే పెళ్లయి ఎక్కువ కాలమైన జంటల్లో కచ్చితత్వం తగ్గింది. కొత్తలో ముఖం వంక చూసి ఊహిస్తాం. తర్వాత్తర్వాత చూడటం మానేసి, మన బుర్రలో ఉన్న 'ఆయన', 'ఆవిడ' బొమ్మను చూసి చెప్పేస్తాం.

ఇక్కడే కొలతలు కొలవలేని సంగతి ఒకటి పైకి తేలుతుంది. జెఫ్రీ సింప్సన్, ఇక్స్ 1995లో ప్రేమజంటలతో ఒక ప్రయోగం చేశారు. తన ఎదుటే తన జోడీ అందమైన పరాయివాళ్ల గురించి మాట్లాడుతుంటే, ఆ జోడీ మనసులో ఏముందో ఊహించాలి. బాగా దగ్గరైన జంటలు ఆ క్షణాల్లో ఘోరంగా తప్పారు. తెలుసుకోకుండా ఉండటమే నయమని మనసు తలుపు వేసుకుందన్నమాట. నాలుగు నెలల తర్వాత చూస్తే, అలా తప్పినవాళ్లే ఎక్కువగా కలిసి ఉన్నారు. స్కోరు తక్కువొచ్చింది కాబట్టి శక్తి లేదనాలా?

కీ లేని చోట

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా ఎదుటివాళ్ల మనసు గురించి. సొంత మనసును ఎంత అర్థం చేసుకుంటున్నామో కొలవడం ఇంకా విచిత్రం. నాకు కోపమొచ్చిందని నేనంటే, కాదు నీకొచ్చింది భయం అనే హక్కు ఎవరికుంది?

గుండె చప్పుడుతో కొలుద్దామని 1981లో రైనర్ షాండ్రీ ప్రయత్నించాడు. నాడి పట్టుకోకుండా, లోపలి నుంచి తెలిసే చప్పుళ్లను కొంతసేపు లెక్కపెట్టమని, యంత్రం లెక్కతో పోల్చాడు. ఇక్కడ కీ యంత్రం దగ్గరుంది, అనుమానం లేదు. కానీ నిమిషానికి డెబ్భై చిల్లర ఉంటుందని అందరికీ తెలుసు, ఆ లెక్కన చెప్పేసినా మంచి మార్కులే వస్తాయి. 'నిజంగా తెలిసిన చప్పుడే లెక్కపెట్టు, ఊహించొద్దు' అని గట్టిగా చెబితే స్కోర్లు దబ్బున పడిపోయాయని 2018లో ఓలివియే డెస్మెట్ బృందం చూపించింది.

రిచర్డ్ లేన్ 1990లో తెచ్చిన కొలత ఈ చిక్కును తెలివిగా తప్పించుకుంటుంది. అది జవాబు ఒప్పా తప్పా అని చూడదు, ఎంత విడమరిచి చెప్పారో చూస్తుంది. 20 సన్నివేశాలిచ్చి, ప్రతిదానికీ రెండే ప్రశ్నలు అడుగుతారు: మీకెలా ఉంటుంది? అవతలివాళ్లకెలా ఉంటుంది? ఆ పద్ధతిలో నేనొక సన్నివేశం అల్లి చూపిస్తాను. మీరూ మీ ప్రాణస్నేహితుడూ ఒకే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. అతనికొచ్చింది, మీకు రాలేదు. ఆ మాట అతనే ఫోన్ చేసి చెప్పాడు.

'ఇంటర్వ్యూలో అన్యాయం జరిగిందనిపిస్తుంది' అని రాస్తే సున్నా. అది అభిప్రాయం, భావం కాదు. 'ఒళ్లంతా నీరసం వచ్చేస్తుంది' అంటే ఒకటి, ఒంటి సంగతి తెలిసింది. 'ఏదోలా ఉంటుంది' అన్నా, 'ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది' అన్నా రెండు. 'దిగులేస్తుంది' అంటే మూడు, భావానికి పేరు దొరికింది. 'వాడికొచ్చినందుకు సంతోషమే, కానీ నాకు రానందుకు దిగులు, ఇలాంటప్పుడు దిగులుపడుతున్నందుకు కాస్త సిగ్గు' అంటే నాలుగు. దాంతో పాటు 'వాడికి ఆనందంగానే ఉంటుంది గానీ, నాకు చెప్పేటప్పుడు గొంతులో బెరుకు, నేనేమనుకుంటానోనని' అని అవతలి మనసునూ అంతే వేరుగా, అంతే విడమరిచి రాస్తే మొత్తానికి ఐదు.

దీన్ని తెలుగులో పెట్టాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. ఏ మాటకు ఎన్ని మార్కులో ముందే పట్టిక వేసి దిద్దేవాళ్ల చేతికివ్వాలి. 'బాధ' అన్న మాటకు ఎన్ని వేస్తారు? కాలు నొప్పెట్టినా బాధే, పరీక్ష పోయినా బాధే, నువ్వలా అన్నావని బాధే, నేనలా అనేశానని కూడా బాధే. ఒంటి సంగతికి ఒకటివ్వాలా, ఏదోలా ఉందన్నదానికి రెండా, పేరున్న భావమని మూడా? ఇక 'ఉక్రోషం' సంగతి చూడండి. కోపం, చేతకానితనం, చిన్నబుచ్చుకోవడం మూడూ కలిసి ఉడికితే ఉక్రోషం. తెలుగువాడు ఒక్కమాటలో చెప్పేస్తాడు, పట్టిక ప్రకారం మూడు మార్కులు. అలాంటి మాట లేని భాషవాడు 'కోపం, దాంతో పాటు అవమానం' అని రెండు మాటల్లో రాసి నాలుగు పట్టుకుపోతాడు. భాషలో సూక్ష్మమైన మాట ఉండటమే ఇక్కడ శాపమవుతుంది.

భావాలకు మాటలు దొరకని స్థితికి పీటర్ సిఫ్నియోస్ 1970ల మొదట్లో గ్రీకు ముక్కలతో 'అలెక్సితైమియా' అని పేరు పెట్టాడు. దాన్ని కొలవడానికి 1994లో ఖరారైన టొరంటో స్కేలులో 20 వాక్యాలుంటాయి. 61గానీ ఆ పైనగానీ వస్తే ఆ స్థితి ఉన్నట్టు లెక్క. అయితే ఇదీ టిక్కు పెట్టే ప్రశ్నావళే. తన లోపలి సంగతి తెలియనివాణ్ని, నీకు తెలియదని నీకు తెలుసా అని అడగడమే. ఇంత అందంగా తనను తాను ఇరుకున పెట్టుకున్న పరీక్ష ఇంకోటి లేదు. అయినా వైద్యంలో పనికొస్తూనే ఉంది, ఎందుకంటే చాలామందికి 'నాకేదో అంతుపట్టడం లేదు' అన్న స్పృహ మాత్రం ఉంటుంది.

ముఖాల దగ్గర చెప్పుకున్న లీసా బారెట్ వాళ్ల కొలతకు కీ అక్కర్లేదు. ఫోన్ రోజుకు కొన్నిసార్లు మోగుతుంది. మోగినప్పుడల్లా కోపం ఎంత, దిగులు ఎంత, భయం ఎంత అని అంకెలు వేయాలి. వారం పది రోజులు ఇలా సాగుతుంది. ఒకడి అంకెలు సోమవారం 4, 4, 4. మంగళవారం 2, 2, 2. బుధవారం 5, 5, 4. ఇంకొకడివి సోమవారం 5, 1, 0. మంగళవారం 0, 4, 1. బుధవారం 1, 0, 5. మొదటివాడు మూడు మాటలు వాడుతున్నా అతనికి తెలిసేది ఒక్కటే, బాగుందా బాగోలేదా అని. రెండోవాడికి మూడూ మూడు వేరువేరు సంగతులు. ఎవరు చెప్పింది నిజమో తెలియకుండానే, ఎవరు విడదీసి చూస్తున్నారో తేలిపోయింది. ఫోన్ మోగి మోగి విసుగెత్తి అన్నిటికీ ఒకే అంకె కొట్టేసేవాడు కూడా మొదటివాడిలాగే కనిపిస్తాడనుకోండి, ఆ తలనొప్పి ఉండనే ఉంది.

ఇలా విడదీయగలిగినవాళ్లు ఒత్తిడిలో కాస్త నిలదొక్కుకుంటారనడానికి ఆధారాలున్నాయి. సాలీడంటే హడలిపోయేవాళ్లతో కాథరీనా కిర్కాన్‌స్కీ బృందం 2012లో ఒక ప్రయోగం చేసింది. సాలీడుకు ఎదురుగా నిలబడి తమ భయాన్ని మాటల్లో పెట్టినవాళ్లలో, వారం తర్వాత చేతి చెమట తగ్గింది. 'అదేం చేయదులే' అని సర్దిచెప్పుకున్నవాళ్లకన్నా వీళ్లే మెరుగు.

అంకె చేతికొచ్చాక

ఇన్ని రకాల కొలతలున్నా, బయటికొచ్చేసరికి అన్నీ ఒకే అంకెగా మారిపోతాయి. ఆ అంకెకు విలువ బొత్తిగా లేదా అంటే ఉంది. మెకాన్ బృందం 2020లో 158 పరిశోధనలు, 42,529 మంది విద్యార్థుల లెక్కలు కలిపి చూస్తే, ఈ స్కోరుకూ చదువులో మార్కులకూ సంబంధం మొత్తమ్మీద 0.20 వచ్చింది. పరీక్ష పెట్టి కొలిస్తే 0.24, తనకు తాను వేసుకున్న మార్కులైతే 0.12. సంబంధం చిన్నదే, నిజమైనదే. జీవితంలో విజయమంతా ఈక్యూలోనే ఉందని సెమినార్లలో చెప్పేవాళ్లకు ఈ అంకెలు చూపించాలి.

ఉద్యోగానికి తీసుకునేటప్పుడు టిక్కుల ప్రశ్నావళి ఇవ్వడం మాత్రం నాకు అర్థం కాదు. ఉద్యోగం కావాలనుకున్నవాడు 'నాకు కోపం అదుపులో ఉండదు' అన్న వాక్యం కింద ఏ గడి నింపుతాడో ఊహించడానికి ఏ ప్రజ్ఞా అక్కర్లేదు.

ఇంకో ప్రమాదం కెమెరా రూపంలో వచ్చింది. ముఖం చూసి భావం చెప్పేస్తామనే సాఫ్ట్‌వేర్లు అదే పాత నమ్మకం మీద, నటించిన ముఖాల ఫొటోల మీద పెరిగినవే. మైక్రోసాఫ్ట్ 2022లో తన ఫేస్ సర్వీసు నుంచి ఈ సదుపాయాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం, ఉద్యోగం చేసే చోటా చదువుకునే చోటా మనుషుల భావాలను ఇలా పసిగట్టే యంత్రాలను నిషేధించింది. వైద్యానికీ భద్రతకూ మినహాయింపు ఉంది. 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లోకి వచ్చింది.

చివరిగా ఒక ప్రయోగాల వరస. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాలు ప్రచురించారు. కళ్ల ఫొటోలు, నిజం నవ్వులు, దొంగ నవ్వులు, జీవిత భాగస్వామి అభిప్రాయాలు, ఇలా రకరకాల పరీక్షలు పెట్టి, కొందరికి మాత్రం 'ఎదుటివాళ్ల స్థానంలో నిన్ను ఊహించుకో' అని చెప్పారు. పెద్దలు చెప్పే మాటే. అలా ఊహించుకున్నవాళ్లకు వాళ్లు తమలాంటివాళ్లేనన్న భ్రమ కొంచెం తగ్గింది గానీ, జవాబులు మాత్రం మెరుగుపడలేదు. ఆఖరి ప్రయోగంలో కొన్ని జంటలకు ఇంకో అవకాశం ఇచ్చారు. ఊహించే ముందు ఆ విషయాల గురించి అవతలి మనిషినే అడిగి మాట్లాడుకోవచ్చన్నారు. వాళ్ల జవాబులు చెప్పుకోదగ్గంత మెరుగయ్యాయి. పైన చెప్పిన పరీక్షల్లో ఒక్కదానిలోనూ ఆ అడిగే వీలు లేదు.